కనబడనిది లేనట్టేనా? పడక పక్కకు వచ్చిన ఎమ్మారై, అనుపలబ్ధి ప్రమాణం

ఒక వస్తువు ఉన్నదని తెలుసుకోవడం కంటే లేదని తెలుసుకోవడం కష్టం. ఉన్నదానికి సాక్ష్యం దాని నుంచే వస్తుంది. లేనిదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి రావాలన్నది భారతీయ దర్శనకారులు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న. నేలమీద కుండ లేదని గ్రహించినవానికి ఆ లేమి కంటికే కనబడిందా, కుండ కానరాకపోవడాన్ని హేతువుగా తీసుకుని బుద్ధి దానిని ఊహించిందా, లేక కానరాకపోవడమే ఒక స్వతంత్ర జ్ఞానసాధనమా అన్న విచారణ పైకి పండితుల కాలక్షేపంగా తోచవచ్చు గాని, రోగి పడక దగ్గర నిలబడ్డ వైద్యునికి అది నిత్యం ఎదురయ్యే సమస్య. మెదడులో రక్తస్రావం లేదని తేలితే తప్ప పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి వీల్లేదు. కణితి లేదని తేలితే తప్ప తలనొప్పితో వచ్చినవానిని నిశ్చింతగా ఇంటికి పంపడానికి వీల్లేదు. ఉందన్న నిర్ణయం మీద చికిత్స ఎంతగా ఆధారపడుతుందో లేదన్న నిర్ణయం మీద కూడా అంతగానే ఆధారపడుతుంది.

గత కొన్నేళ్లలో చక్రాలమీద నడిచి రోగి మంచం దగ్గరికే వచ్చే చిన్న ఎమ్మారై యంత్రాలు వాడుకలోకి రావడంతో ఈ పాత ప్రశ్న కొత్త పదును సంతరించుకున్నది. ఇటువంటి యంత్రం వల్ల వైద్యుని చూపు ఇంతకుముందు చేరని చోట్లకు చేరుతుందనడంలో సందేహం లేదు. అయితే చూపు విస్తరించినంత మాత్రాన లేదని చెప్పే అధికారం కూడా అదే మేరకు విస్తరించదు. ఈ రెండింటి మధ్య మిగిలే అంతరాన్ని గుర్తించడానికి మీమాంసకులు, వేదాంతులు, బౌద్ధ తార్కికులు సానబట్టిన యోగ్యానుపలబ్ధి అనే భావన ఈనాటికీ పనికివచ్చే కొలబద్ద అనీ, ఆ అంతరాన్ని రోగికి, అతని వారికి తెలియజెప్పడం వైద్యధర్మంలో భాగమనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం పనిచేసే తీరు తెలియనిదే దాని చూపుకున్న హద్దు తెలియదు. మనిషి దేహంలో అధికభాగం నీరు. నీటి అణువులోని హైడ్రోజన్ కేంద్రకం, అంటే ఒకే ఒక్క ప్రోటాన్, అతిసూక్ష్మమైన అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బయటి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించినప్పుడు ఈ ప్రోటాన్లు కొన్ని క్షేత్ర దిశకు అనుకూలంగా, కొన్ని ప్రతికూలంగా సర్దుకుని, ఒక టెస్లా బలానికి సెకనుకు 4.258 కోట్ల చొప్పున ఆ దిశ చుట్టూ భ్రమిస్తాయి. సరిగ్గా అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే అవి ఆ శక్తిని గ్రహించి, తరంగం ఆగిన తర్వాత పూర్వస్థితికి మళ్లుతూ బలహీనమైన సంకేతాన్ని వెలువరిస్తాయి. అయస్కాంత అనునాదం అనేది ఈ వ్యవహారానికే పేరు. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా దీనిని ఘన, ద్రవ పదార్థాలలో గుర్తించారు. స్థానాన్ని బట్టి క్షేత్రబలం కొద్దికొద్దిగా మారేట్టు చేస్తే ఏ సంకేతం ఏ చోటి నుంచి వచ్చిందో లెక్కగట్టి బొమ్మ గీయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ నిరూపించాడు; ఆ పద్ధతికి గణితపు పుష్టినీ వేగాన్నీ సమకూర్చిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి 2003లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఇక్కడ గమనించవలసింది ఆ సంకేతం ఎంత పలచనిదన్న విషయం. అనుకూల దిశలోని ప్రోటాన్లూ ప్రతికూల దిశలోని ప్రోటాన్లూ ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దుచేసుకోగా మిగిలే కొద్దిపాటి ఆధిక్యమే యంత్రానికి వినిపిస్తుంది. ఆసుపత్రులలో సాధారణంగా ఉండే 1.5 టెస్లాల యంత్రంలో ఈ ఆధిక్యం దేహపు ఉష్ణోగ్రత దగ్గర పది లక్షల ప్రోటాన్లకు సుమారు ఐదు. అంత చిన్న తేడాను పట్టుకోవడానికే అంత పెద్ద యంత్రం కావలసివచ్చింది: సున్నాకు దిగువ 269 డిగ్రీల చలిలో ఉండే ద్రవ హీలియంలో మునిగిన అతివాహక తీగచుట్టలు, బయటి రేడియో తరంగాలను ఆపే లోహపు గోడల గది, ఆ గదిలోకి ఇనుము రాకుండా కాపలా. ఈ కాపలాలో లోపం జరిగితే పర్యవసానం ఎలా ఉంటుందో 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆక్సిజన్ సిలిండరు యంత్రంలోకి దూసుకువచ్చి ఆరేళ్ల బాలుడు మరణించిన దుర్ఘటన లోకానికి తెలియజేసింది. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని ఐసీయూ నుంచి ఆ గదికి చేర్చాలంటే గొట్టాలు, పంపులు, మానిటర్లు అన్నీ మార్చాలి. కాబట్టి మెదడు లోపలి స్థితి ఎవరి విషయంలో అత్యవసరంగా తెలియాలో వారినే ఆ యంత్రం దగ్గరికి తీసుకుపోవడం అన్నిటికంటే కష్టమయ్యేది.

చిన్న యంత్రం ఈ చిక్కును తిరగవేసింది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రానికి చెందిన హైపర్‌ఫైన్ సంస్థ తయారుచేసిన స్వూప్ అనే యంత్రానికి 2020లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. దాని క్షేత్రబలం 64 మిల్లీటెస్లాలు, అంటే పెద్ద యంత్రంలో దాదాపు ఇరవై మూడో వంతు. శాశ్వత అయస్కాంతాలతో పనిచేస్తుంది గనుక హీలియం అక్కరలేదు, గోడకుండే మామూలు ప్లగ్గుతో నడుస్తుంది. మంచం తలవైపు దానిని ఆనించి, శిరస్త్రాణంలాంటి గ్రాహకంలోకి రోగి తలను చేరుస్తారు. వెంటిలేటర్, మందుల పంపులు ఆ గదిలోనే తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2019 అక్టోబరు చివర నుంచి 2020 మే వరకు ఐసీయూలోని 50 మందిని, వారిలో 20 మంది కోవిడ్ రోగులను, మంచం కదల్చకుండానే ఇలా పరీక్షించగా 37 మంది మెదడులో మార్పులు కనిపించాయి. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో ఎడ్ వూ బృందం 2021లో 0.055 టెస్లాలతో మెదడునూ, 2024లో 0.05 టెస్లాలతో శరీరమంతటినీ, లోహపు గోడల గది లేకుండానే చిత్రించి చూపింది. ఈ సౌలభ్యానికి చెల్లించిన మూల్యం సంకేతంలో ఉంది: 64 మిల్లీటెస్లాల దగ్గర ప్రోటాన్ల ఆధిక్యం కోటికి సుమారు రెండు మాత్రమే.

బొమ్మ జోలికే పోని పరికరాలు కూడా ఈ కోవలో ఉన్నాయి. హార్వర్డ్‌కు చెందిన రాల్ఫ్ వైస్‌లెడర్, హాఖో లీ బృందం 2008లో ప్రకటించిన అరచేతి పరిమాణపు సాధనంలో, వెతుకుతున్న సూక్ష్మజీవికో కణానికో అంటుకునేట్టు తయారుచేసిన అయస్కాంత నానోరేణువులను నమూనాలో కలుపుతారు. అవి దాని చుట్టూ గుమిగూడితే పక్కనున్న నీటి ప్రోటాన్ల సంకేతం అణగిపోయే వేగం మారుతుంది. ఆ వేగపు మార్పును అంకెగా చదివి సూక్ష్మజీవి ఉందో లేదో చెబుతారు. ఇక్కడ చూడబడేది రోగకారకం కాదని, దాని పొరుగున ఉన్న నీటి ప్రవర్తన అని ఎవరికైనా వెంటనే స్ఫురిస్తుంది.

బొమ్మ విషయంలో ఆ స్ఫురణ మరుగునపడుతుంది. తెరమీద మెదడు ఆకారం కనబడగానే, కపాలపు తలుపు తెరిచి లోపలికి చూసినట్టే అనిపించి, ఆ జ్ఞానాన్ని ప్రత్యక్షమని భావించడం సహజం. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, నేటికీ న్యాయదర్శనంలో విద్యార్థి చేతికిచ్చే తొలి గ్రంథం, ప్రత్యక్షానికి పెట్టే షరతు ఇంద్రియానికీ విషయానికీ సన్నికర్షం, అంటే నేరుగా సంబంధం, ఉండాలన్నది. వైద్యుని కంటికి సంబంధం ఏర్పడింది తెరతోనే గాని మెదడుతో కాదు. మెదడుకూ తెరకూ మధ్య ప్రోటాన్ల ప్రతిస్పందన, తీగచుట్టలో పుట్టిన విద్యుత్తు, దానిని బొమ్మగా మార్చే గణితం వరుసగా నిలిచి ఉన్నాయి. ఆ వరుసలోని ప్రతి మెట్టూ, ఫలానా సంకేతం ఉన్నచోట ఫలానా ధాతువు ఉంటుందన్న వ్యాప్తి మీద, అంటే విడదీయరాని సాహచర్య నియమం మీద, ఆధారపడింది. కనుక ఎమ్మారై చిత్రం స్వభావరీత్యా అనుమానం, అంటే హేతువును బట్టి చేసిన ఊహ; ఆకారంలో మాత్రం ప్రత్యక్షాన్ని పోలి ఉంటుంది.

దీనివల్ల దాని విలువేమీ తగ్గదు, ఎందుకంటే దేహం లోపలి సంగతులు వైద్యునికి అన్ని కాలాల్లోనూ అనుమానం ద్వారానే తెలిశాయి. చరకసంహిత విమానస్థానం రోగాన్ని తెలుసుకోవడానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడు సాధనాలను చెబుతూ, వైద్యుడు నాలుక మినహా తక్కిన ఇంద్రియాలన్నింటితో రోగిని పరీక్షించాలని, రుచిని మాత్రం ఊహించి తెలుసుకోవాలని విధిస్తుంది. రోగి వదిలిన రక్తం శుద్ధమైనదా, రక్తపిత్త దోషం సోకినదా అన్న సందేహం కలిగితే దానిని కుక్కకో కాకికో పెట్టి, అది తిన్నదా విడిచిందా అన్నదాన్ని బట్టి నిర్ణయించమంటుంది. కాకి ప్రవర్తనను హేతువుగా చేసుకున్న ఆ వైద్యుడు తాను ఊహిస్తున్నానన్న ఎరుకను కోల్పోయే ప్రమాదం లేదు. తెరమీద స్ఫుటమైన బొమ్మను చూస్తున్న వైద్యునికి ఆ ప్రమాదం ఉంది.

చిన్న యంత్రం దగ్గర ఆ ప్రమాదం మరికొంత పెరగడానికి కారణం బొమ్మను తీర్చిదిద్దే విధానం. సంకేతం పలచబడినప్పుడు బొమ్మలో రొద పెరుగుతుంది. దానిని తగ్గించడానికి పూర్వం తీసిన వేలాది చిత్రాలతో శిక్షణ పొందిన కృత్రిమ మేధను వాడతారు. ఆ మేధ, మెదడు సాధారణంగా ఎలా ఉంటుందో తాను నేర్చుకున్నదానిని ఆధారం చేసుకుని, అందిన కొద్దిపాటి సంకేతానికి పూరణ చేస్తుంది. న్యాయదర్శనం అనుసరించే నైయాయికులకు ఇది కొత్త సంగతి కాదు. దూరంలో ఉన్న చందనపు చెక్కను చూసి ఇది సుగంధి అనుకున్నప్పుడు, పరిమళం కంటికి అందే గుణం కాకపోయినా, మునుపటి అనుభవం నుంచి వచ్చి చూపులో కలిసిపోతుందని వారు గమనించి, దానికి జ్ఞానలక్షణ సన్నికర్షమని పేరు పెట్టారు. చెక్క నిజంగా చందనమైతే జ్ఞానం సరైనదే. ముత్యపుచిప్పను చూసినప్పుడు ఎక్కడో చూసిన వెండి జ్ఞాపకం వచ్చి కలిస్తే అదే ప్రక్రియ భ్రమకు కారణమవుతుంది. ఒప్పుకూ తప్పుకూ దారి ఒకటే కావడం వల్ల, చూస్తున్నవానికి లోపలి నుంచి తేడా తెలియదు.

ఆధునిక పరిశోధన ఇదే సంగతిని తన పరిభాషలో ధ్రువపరుస్తున్నది. వెగార్డ్ ఆంటున్, అండర్స్ హాన్సెన్ తదితరులు 2020లో ప్రచురించిన అధ్యయనం, కొన్ని కృత్రిమ మేధా పద్ధతులు సంకేతంలో కంటికి ఆనని చిన్న మార్పుకే బొమ్మలో లేని ఆకారాలను పుట్టించగలవని, కణితి వంటి చిన్న నిర్మాణాన్ని బొమ్మలోంచి చెరిపివేయగలవని కూడా చూపింది. చిప్పలో వెండి కనబడడం ఒక రకం దోషమైతే, వెండి ఉన్నచోట మామూలు చిప్ప కనబడడం రెండో రకం. మొదటిదానిని మరో పరీక్ష పట్టుకోవచ్చు, ఎందుకంటే కనబడిన వస్తువు ప్రశ్నను లేవనెత్తుతుంది. రెండోదాని విషయంలో ప్రశ్నే పుట్టదు. పరీక్ష అక్కడితో ముగుస్తుంది. లేమిని గురించిన విచారణ ఇక్కడే అవసరమవుతుంది.

ఏడో శతాబ్దికి చెందిన మీమాంసకుడు కుమారిలభట్టు అభావాన్ని, అంటే లేమిని, తెలుసుకోవడానికి ప్రత్యేక ప్రమాణం, అంటే జ్ఞానసాధనం, కావాలని వాదించాడు. తక్కిన ప్రమాణాలేవీ పలకకపోవడమే ఆ ప్రమాణమని అతని మతం, దానినే అనుపలబ్ధి అంటారు. అద్వైతులు దీనిని అంగీకరించారు. 17వ శతాబ్దిలో ధర్మరాజ అధ్వరీంద్రుడు రచించిన వేదాంతపరిభాషలో దీనికి ఒక ప్రకరణమే ఉంది. నైయాయికులు లేమి ప్రత్యక్షంగానే తెలుస్తుందని, కానరాకపోవడం దానికి సహాయకారి మాత్రమేనని అన్నారు. ప్రాభాకర మీమాంసకులు లేమి అనే పదార్థమే లేదని, కుండ లేని నేల అంటే వట్టి నేల తప్ప మరేమీ కాదని అన్నారు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి అది ఒక రకం అనుమానమన్నాడు. ఇన్ని విధాల విభేదించినా, లేమిని ఒప్పుకున్నవారంతా ఒక షరతు దగ్గర ఏకీభవించారు. కానరాకపోవడం లేమిని రుజువు చేయాలంటే, ఆ వస్తువే అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదని చెప్పగలగాలి. పట్టపగలు, దోషం లేని కళ్లతో, అడ్డం లేని నేలను చూసినప్పుడు కుండ కనబడకపోతే కుండ లేనట్టే. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలనట్టే. ఉంటే కనబడదగిన యోగ్యత గల వస్తువు కనబడకపోవడమే యోగ్యానుపలబ్ధి. యోగ్యత లేనిచోట, అంటే పిశాచాల వంటి అగోచరాల విషయంలో, కనబడకపోవడం సంశయాన్ని మిగులుస్తుందే తప్ప నిషేధానికి చాలదని ధర్మకీర్తి స్పష్టం చేశాడు.

ఈ షరతును చిన్న ఎమ్మారైకి అన్వయిస్తే దాని గురించిన గణాంకాలు కొత్త అర్థంతో కనిపిస్తాయి. యేల్ బృందమే 2021లో ప్రచురించిన మరో అధ్యయనంలో 144 పరీక్షలను తీసుకుని మెదడులో రక్తస్రావాన్ని ఆ యంత్రం ఏ మేరకు పట్టగలదో పరిశీలించారు. రక్తస్రావం ఉన్న 56 పరీక్షలలో 45 చోట్ల అది కనబడింది. లేని 88 పరీక్షలలో 85 చోట్ల లేదని సరిగా తేలింది. ఈ అంకెలను మరో వైపు నుంచి కూడితే, ఉందని చెప్పిన 48 సందర్భాలలో 3 తప్పు, లేదని చెప్పిన 96 సందర్భాలలో 11 తప్పు. పరీక్షించిన సమూహంలో ఆరోగ్యవంతులెందరు, రోగులెందరు అన్నదాన్ని బట్టి ఈ నిష్పత్తులు మారతాయి గనుక వీటిని ప్రతి ఆసుపత్రికీ యథాతథంగా వర్తింపజేయరాదు. అయినా యంత్రం చెప్పిన ఉనికి, అది చెప్పిన లేమి ఒకే స్థాయి జ్ఞానాలు కావని తెలియడానికి ఇవి చాలు. 2022లో ప్రచురితమైన ఇంకొక అధ్యయనంలో, రక్తం అందక మెదడు కణజాలం దెబ్బతిన్న 50 మందిలో 45 మందికి ఆ దెబ్బ కనబడింది, 4 మిల్లీమీటర్ల మేర ఉన్నది సైతం కనబడింది. అయితే ఇటువంటి యంత్రం మెదడును సుమారు 5 మిల్లీమీటర్ల మందం గల పొరలుగా చిత్రిస్తుంది. అంతకంటే బాగా చిన్నదైన గాయం నుంచి వచ్చే సంకేతం అదే పొరలోని ఆరోగ్యవంతమైన కణజాలపు సంకేతంతో కలిసి సగటులో కరిగిపోతుంది. అటువంటి గాయం విషయంలో ఆ యంత్రం ముందు రోగి మెదడు చీకటి గదే.

యోగ్యత యంత్రానికి అతికించిన స్థిరమైన ముద్ర కాదు. అడిగే ప్రశ్నతో అది మారుతుంది. పసిపిల్లల మెదడు కుహరాలలో ద్రవం చేరి తల ఉబ్బే హైడ్రోసెఫలస్ వ్యాధి ఉగాండాలో ఎక్కువగా కనిపిస్తుంది. శస్త్రవైద్యునికి అక్కడ తెలియవలసింది ద్రవం ఎక్కడ, ఎంత నిలిచింది, మెదడు కణజాలం ఎంత మిగిలింది అన్న పెద్ద గీతల సమాచారం. ఆ ప్రశ్నకు సరిపోయేట్టుగా నెదర్లాండ్స్‌లోని లైడెన్, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉగాండాలోని ఎంబరారా విశ్వవిద్యాలయ నిపుణులతో కలిసి, శాశ్వత అయస్కాంతాలను వలయంగా పేర్చి, సుమారు 0.05 టెస్లాల యంత్రాన్ని 2022లో అక్కడికక్కడే నిర్మించారు. అంతకు ముందు 2021లో వెలువడిన ఒక పరిశీలనలో, కావాలని నాణ్యత తగ్గించిన చిత్రాలను శిశు నాడీశస్త్ర వైద్యులకు చూపగా, చాలా మసకగా ఉన్నవి కూడా చికిత్స నిర్ణయానికి పనికివస్తాయని వారు తేల్చారు. కృత్రిమ మేధతో మెరుగుపరచిన చిత్రాలు వారికి మరింత ఉపయోగకరంగా తోచాయి గాని, వాటిలో కొన్నింట మెదడు నిర్మాణం వాస్తవానికి భిన్నంగా మారిపోయి ఉండడం కూడా ఆ పరిశీలనలోనే బయటపడింది. మసక బొమ్మ తన మసకను దాచుకోదు. చూసేవారు తమ ప్రశ్నను దానికి తగినట్టు కుదించుకుంటారు. మెరుగుదిద్దిన బొమ్మ తన హద్దును తానే కప్పేస్తుంది.

ఇంతటి జాగ్రత్త మంచం పక్కన సాధ్యమా అన్న ఆక్షేపణకు బలం లేకపోలేదు. కదిలిస్తే ప్రాణాపాయమున్న రోగికి పెద్ద యంత్రం అందుబాటులో లేనట్టే లెక్క. అతని విషయంలో చిన్న యంత్రాన్ని పోల్చవలసింది పెద్ద యంత్రంతో కాదు, ఏ చిత్రమూ లేని స్థితితో. పైగా మంచం దగ్గరే ఉన్న యంత్రంతో ఒకే రోగిని మళ్లీ మళ్లీ పరీక్షించవచ్చు గనుక, ఒక్క బొమ్మకు అందని మార్పు బొమ్మల వరుసకు అందే అవకాశముంది. జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణమనీ, బాధకం, అంటే దానిని తోసిపుచ్చే మరో జ్ఞానం, వచ్చేదాకా దానిని నమ్మి నడుచుకోవాలనీ చెప్పిన మీమాంసకుల స్వతఃప్రామాణ్యవాదం ఈ వాదనకు తోడునిలుస్తుంది. జ్ఞానం సరైనదని బయటి ఆధారం వల్లనే, ముఖ్యంగా దానినిబట్టి చేసిన పని ఫలించడం వల్లనే, తెలుస్తుందన్న నైయాయికుల పరతఃప్రామాణ్యవాదం దీనికి ఎదురునిలుస్తుంది.

ఈ రెండు మతాలలో ఒకదానిని మొత్తంగా ఎన్నుకోవలసిన అవసరం మంచం పక్కన లేదు. యంత్రం ఉందని చూపినదాని విషయంలో మీమాంసకుని దారి సమంజసం: రక్తస్రావం కనబడింది, బాధకం లేదు, వెంటనే కదలాలి. అది చూపనిదాని విషయంలో బాధకం వచ్చేదాకా నమ్ముదామనడం కుదరదు, ఎందుకంటే లేదనుకున్న తర్వాత బాధకాన్ని వెతికేవారే ఉండరు. అక్కడ యోగ్యతను ముందే పరీక్షించుకోవాలి. పెద్ద యంత్రం కూడా ఉన్న ఆసుపత్రిలో చిన్న యంత్రపు లేదు తాత్కాలికమైన మాట. అది ఒక్కటే ఉన్నచోట, ఎంబరారాలోనైనా రేపు మన మన్యం మండలాల్లోనైనా, అదే ఆఖరి మాట అవుతుంది. కాబట్టి చవక యంత్రం విస్తరించే కొద్దీ పేదల చెంతకు వెళ్లేది చూపు ఒక్కటే కాదు. పై విచారణకు అవకాశం లేని నిషేధం కూడా దాని వెంట వెళుతుంది.

ఈ విచారణలో మతానికీ తత్త్వానికీ నేరుగా తగిలే మరో పొర ఉంది. ఐసీయూలో స్పృహలేని మనిషి బంధువులు కట్టకడపట అడిగేది గాయం కొలతను గురించి కాదు. ఆయనకు మా మాట తెలుస్తోందా అనే. దెబ్బతిన్న మెదడు బొమ్మ చూసి తెలియడం లేదని చెప్పడం ఎంత సాహసమో 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం చూపింది: అచేతన స్థితిలో ఉందనుకున్న 23 ఏళ్ల యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని అడిగినప్పుడు, ఆమె మెదడులో ఆరోగ్యవంతుల మెదడులో కలిగే చలనమే పెద్ద ఎమ్మారైలో నమోదైంది. 2024లో ప్రచురితమైన బహుళదేశ అధ్యయనంలో, మంచం దగ్గర ఆజ్ఞలకు ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదడు స్థాయిలో ఆ ఆజ్ఞలను అనుసరించినట్టు తేలింది. వారి మౌనం అయోగ్యానుపలబ్ధి. దానినుంచి చైతన్యం లేదన్న నిగమనం రాదు.

నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుని విషయంలో వాడిన తర్కం ఇదే. ఈశ్వరుడు కానరావడం లేదు గనుక లేడన్న వాదానికి, ఇంద్రియాలకు యోగ్యమే కాని వస్తువు కానరాకపోవడం దాని లేమికి రుజువు కాజాలదని అతని సమాధానం. శస్త్రచికిత్సలో ఆత్మ కనబడలేదు, స్కానులో మనసు కనబడలేదు అనే నిషేధాలకు ఈ సమాధానం నేటికీ వర్తిస్తుంది. అయితే ఈ కత్తికి రెండో అంచూ ఉంది. యోగ్యత లేనిచోట మిగిలేది సంశయమేనన్న ధర్మకీర్తి హెచ్చరిక ఆస్తికునికీ వర్తిస్తుంది. స్కానుకు అందలేదన్న కారణం దేనినీ ఉన్నదానిగా నిలబెట్టదు. ఉదయనుడే ఈ సంగతి ఎరిగి, నిషేధాన్ని ఖండించడంతో ఆగిపోక, ఈశ్వరసిద్ధికి వేరే హేతువులను ప్రత్యేకంగా నిరూపించబూనాడు. రోగి చైతన్యం విషయంలోనూ ఇదే మర్యాద పాటించవలసి ఉంటుంది: తెలియడం లేదని తేల్చిచెప్పి ఆశను తుంచడానికీ, తెలుస్తూనే ఉండవచ్చునని చెప్పి అంతులేని ఆశను అమ్మడానికీ బొమ్మ ఒక్కటీ చాలదు.

చివరికి ఈ జ్ఞానమంతా రోగి బంధువులకు చేరేది శబ్దప్రమాణంగా, అంటే నమ్మదగిన మనిషి మాట రూపంలో. చరకుడు రోగపరీక్షలో ఆప్తోపదేశానికి మొదటి స్థానమిచ్చాడు. దోషరహితమైన జ్ఞానం ఉండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు అనే మాట తెలుగువారి ఇళ్లలో ఎంత ఊరటతో వినిపిస్తుందో అందరికీ తెలుసు. ఆ మాట వైద్యుని నోట బయలుదేరినప్పుడు దానికి మూడు విశేషణాలు ఉంటాయి: ఏ యంత్రంలో, ఏ వ్యాధికి సంబంధించి, ఎంత పరిమాణానికి మించినది లేదు అని. వరండా దాటేలోపల ఆ మూడూ రాలిపోయి, షరతుల్లేని అభావం ఒకటి మిగులుతుంది. బంధువులు శాస్త్రం తెలియక వాటిని జారవిడిచారనడం న్యాయం కాదు. చాలా సందర్భాలలో నివేదికలోనే అవి ఉండవు, ఉన్నా రోగికి తెలిసే భాషలో ఉండవు. యోగ్యతను మినహాయించి లేమిని మాత్రమే అందించిన వక్త చెప్పింది అబద్ధం కాకపోయినా, ఆప్తునిగా అతని బాధ్యత తీరలేదు.

అందువల్ల పడక పక్కకు వచ్చిన యంత్రం కోరేది వైద్యుని భాషలో ఒక సవరణ. దాని నివేదికకు ఉంది, లేదు అనే రెండు గడులు చాలవు. ఇది ఈ యంత్రానికి అందదు అనే మూడో గడి కావాలి, ఆ గడిలో చేరిన ప్రతి అంశానికీ ఎదురుగా మరే పరీక్షతో అది అందుతుందో, అది దొరికేలోపల రోగిలో ఏ లక్షణం కనబడితే పరుగెత్తుకు రావాలో మామూలు మాటల్లో రాసి ఉండాలి. అయస్కాంతం బలం పెరిగినా, కృత్రిమ మేధ పదునెక్కినా ఈ గడిలోని వరుసలు తగ్గుతాయే గాని గడి ఖాళీ కాదు. ఎందుకంటే ఎంత పెద్ద యంత్రానికైనా కొన్నింటి విషయంలో యోగ్యత ఉండి, కొన్నింటి విషయంలో ఉండదు. కనబడనిది లేనట్టేనా అన్న ప్రశ్నకు దర్శనకారులు అవుననీ కాదనీ ఒక్క జవాబు ఇవ్వలేదు. ఉంటే కనబడి ఉండేదా అని ముందు అడగమన్నారు. ఆ ప్రశ్నను ప్రతి బొమ్మ ముందూ వేసుకుని, దానికి దొరికిన జవాబును రోగికి కూడా చెప్పే వైద్యుని నోటి నుంచి వచ్చినప్పుడే లేదన్న మాట ప్రమాణమవుతుంది.